కూలీ నంబరు నాలుగు

మొదట పోయింది పేర్లు కాదు, వాసన.

కొత్వాల్ చావడి వెనక సందులో
మూడు మెట్లెక్కితే మా నేతి కొట్టు.
డబ్బా మూత ఇంకా తీయకముందే నాయన చెప్పేవాడు,
ఇది ఒంగోలుది, ఇది ఊత్తుకుళిది,
ఇందులో ఎవడో డాల్డా కలిపాడు, వెనక్కి పంపు.
వరదప్ప శెట్టి ముక్కంటే
సౌకార్‌పేట సేట్లకు కూడా జంకే.

ఆ ముక్కు ఒక ఆడి నెలలో
పదహారు డబ్బాల పామాయిలును
నేతి ధరకి దించుకుంది.
మేం జలుబనుకున్నాం.
మిరియాల కషాయం కాచి పోశాం.

తర్వాత మింట్ వీధి తప్పింది.
ఆ తర్వాత మా అమ్మ.

"వద్దు వద్దని మొత్తుకున్నా, ముద్దకో గరిటె"
అని అమ్మ నేతిగిన్నె మీదే నేరం మోపింది.
కీల్పాక్ డాక్టరమ్మ తల అడ్డంగా ఊపింది,
పూర్తిగా కాదు, కాస్త.
నడివయసులో నెత్తుట్లో చేరినదానికీ వాటా ఉండొచ్చు,
కానీ మెదడు కొవ్వు మెదడుదేనమ్మా,
మీ గిన్నెలోది ఆ గుమ్మం దాటదు.
ఒంటి కొలెస్ట్రాల్లో పావు వంతు అక్కడే ఉంటుంది,
అక్కడే తయారై అక్కడే ఖర్చవుతుంది.
ఈ కణం నించి ఆ కణానికి మోసే కూలీ ఒకడుంటాడు.
రెండో రకం, మూడో రకం, నాలుగో రకం.

ఒకటి లేదా? అని అడిగాను.
ఉన్నా లెక్కలోకి రాదంది.

మీ నాన్నగారికి అమ్మవైపు నించీ నాన్నవైపు నించీ
దొరికింది నాలుగే.
మొయ్యడని కాదు,
సగం దారిలో దించేస్తాడు.
దించినచోటే బొట్లుబొట్లుగా పేరుకుంటుంది,
అందాల్సిన తీగలకి పైపూత అందదు.

నాకు నవ్వొచ్చింది.
ఆ గదిలో నవ్వకూడదని తెలుసు.
మా కొట్లో నాలుగో నంబరు ఏళుమలై.
చొక్కాకి ఇత్తడి బిళ్ళ, దాని మీద నాలుగు.
ముప్పై ఒక్క ఏళ్ళలో ఒక్క డబ్బా జారవిడవలేదు.
"వాడి తల మీద నిండు కుండ పెట్టి
సెంట్రల్ దాకా పంపు, తొణికితే నన్నడుగు"
అనేవాడు నాయన.

రెండూ నాలుగులే ఉన్న మనిషి
పిల్లలకి ఇంకేం ఇస్తాడు?
ఒకటి నాకు, ఒకటి తమ్ముడు కన్నయ్యకి.
పంపకాల్లో నాయన ఎన్నడూ తేడా చెయ్యలేదు.
తెలియనిది అమ్మ ఇచ్చిన రెండోదే.
అది కవర్లో ఉంది.
కవరు తొమ్మిది వారాలుగా
పాత తక్కెడ కింద ఉంది.

నాలుగంటే తీర్పు కాదు, ఒక రాయి, అంతే అంది డాక్టరమ్మ.
రెండో తట్టలో నడక వెయ్యి, నిద్ర వెయ్యి,
బీపీ మాత్ర మానకు.
తూకం తెలిసిన ఇంటి పిల్లని, అర్థమైంది.
అర్థమైనది రాత్రిళ్ళు పనిచెయ్యదు.
బీరువా తాళం ఎక్కడ పెట్టానో గుర్తు రాకపోతే
చీకట్లో కూచుని
లోపల ఎవరు ఏ డబ్బా దించేశారో అని
చెవి పెట్టి వింటాను.

శనివారం సాయంత్రం ఏళుమలై వస్తాడు,
మోకాళ్ళు పట్టుకుని, మూడంతస్తులు.
నాయన నా పేరు అడుగుతాడు.
అతని పేరూ అడుగుతాడు.
ఇంకా తగిలించుకొచ్చే ఆ బిళ్ళ చూసి మాత్రం
"నాలుగా, నీకు కూలి ముట్టిందా?" అంటాడు.
మేం జేబులో పెట్టి ఉంచిన పదిరూపాయల నోటు తీసి
వేళ్ళతో తడిమి, రెండోది అతుక్కుందేమోనని రుద్ది, ఇస్తాడు.
"సరి మొదలాళీ."
ఏళుమలై కళ్ళకద్దుకుంటాడు.
మెట్ల దగ్గర నా చేతిలో పెట్టి
ఏమీ అనకుండా దిగిపోతాడు.

రెండేళ్ళుగా అదే నోటు.
మడత దగ్గర చిరిగింది.
నిన్న టేపు అంటించాను.